కిటికీ వైపు బొటనవేలు

తలకు తగులుతున్న తడి తువ్వాళ్లను ఒక చేత్తో పక్కకు నెట్టి, ఎడమక్క మంచం కింద నుంచి రేకుపెట్టె బయటికి లాగింది. హాల్లో ఓ మూలనున్న ఆ మంచమే ఆమె ఇల్లు. దాని మీదుగా అడ్డంగా కట్టిన బట్టల తాడు మాత్రం అందరిదీ. స్నానాల గది ముందు తమ్ముడు తలుపు బాదుతున్నాడు. లోపలున్న పెద్దకూతురికి అది చెవికెక్కడం లేదు. వంటింట్లో తమ్ముడి భార్య కారుతున్న కుళాయి కింద బకెట్టు పెట్టి, నిన్న రావలసిన ప్లంబరును ఈ రోజు తిట్టిపోస్తోంది. చిన్నవాడు ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోదాని కోసం ఇల్లంతా తిరగేస్తూ ఎడమక్క దిండు కూడా ఎత్తి చూశాడు. ఎవరూ ఎవరి మీదా కోపంగా లేరు. ఆ ఇంట్లో మామూలు గొంతే అంత.

పెట్టెలో పాత క్యాలెండరు కాగితాల్లో చుట్టిన పొట్లాలున్నాయి. అన్నీ తోలుముక్కలతో ఆమె తన చేత్తో కుట్టినవే. తమ్ముడికి కళ్లజోడు పెట్టుకునే సంచి, వాడి భార్యకు చిల్లర పర్సు, పెద్దదానికి బ్యాగుకు తగిలించుకునే పువ్వు, చిన్నవాడికి పెన్సిళ్ల సంచి. ఏడాది చివర సెలవులిచ్చే ముందురోజు వీటిని పంచడం ఆమెకు అలవాటు. ఇచ్చినవి ఏమవుతాయో కూడా ఆమెకు తెలుసు. కిందటేడు తమ్ముడికి కుట్టిన తాళాల సంచి ఇప్పుడు ఊగే భోజనాల బల్ల కాలి కింద మడతపడి ఉంది. అంతకు ముందటేటి పర్సు తమ్ముడి భార్య చెల్లెలి చేతిలో కనిపించింది. మొదట్లో మనసు చివుక్కుమనేది. తరవాత్తరవాత బల్ల ఊగకుండా ఉందిలే అనుకోవడం నేర్చుకుంది.

పొట్లాలు ఎవరి దిండు మీద వాళ్లకు పెట్టేసింది. తమ్ముడు తల తుడుచుకుంటూ వచ్చి చూసి, “ఎందుకక్కా నీకీ శ్రమ?” అన్నాడు. ప్రతి ఏడూ అనే మాటే. సంచిని ఫ్రిజ్ మీద పెట్టి చొక్కా వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. వాడు మంచివాడే. అక్కను ఇంట్లో పెట్టుకున్నందుకు ఏనాడూ మాట అనలేదు. మాట అనడానికైనా ఆమె ముందు నిమిషంసేపు కూర్చోవాలి కదా, ఆ తీరిక వాడికి లేదు.

శ్రమ అంటాడు గానీ, అది శ్రమ కాదని వాడికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియదు. ఒళ్లో తోలుముక్క, చేతిలో సూది ఉన్నంతసేపూ ఆ ఇంట్లోని ఏ గొడవా ఆమెది కాదు. కుళాయి కారనీ, టీవీ అరవనీ, తాడు మీది తడి చుక్కలు మెడ మీద పడనీ. సూది దిగుతుంది, దారం వస్తుంది, ఒక కుట్టు పక్కన ఇంకో కుట్టు పడుతుంది. రోజు మొత్తం మీద ఆమె అనుకున్నట్టు జరిగేది అదొక్కటే.

పెట్టె అడుగున ఇంకో పొట్లం మిగిలింది. దాన్ని చేతిసంచిలో అన్నిటికన్నా కింద పెట్టుకుని, చెప్పులు వేసుకుని బయటపడింది.

*

గ్లౌజుల కంపెనీ రైలు పట్టాల అవతల, రేకుల కప్పున్న పొడుగాటి కట్టడం. వెల్డింగు పనివాళ్లు తొడుక్కునే తోలు గ్లౌజులు చేస్తారు. వేళ్ల దాకా మెషిన్ల మీదే కుట్టేస్తారు. బొటనవేలు దగ్గర తోలు గుండ్రంగా తిరగాలి, అక్కడ మెషిను చేతులెత్తేస్తుంది. అందుకని బొటనవేళ్లు అతికేది మనుషులు, అదీ చివరి గదిలో, జంటలు జంటలుగా. బల్లకు ఒకవైపు కూర్చున్నవాళ్లు ఎప్పుడూ ఎడమచేతివే కుడతారు, ఎదుటివాళ్లు ఎప్పుడూ కుడిచేతివే. చేయి ఒకే వైపుకు అలవాటు పడితే పని పరుగెడుతుందని పాత యజమాని పెట్టిన పద్ధతి. ఆయన పోయినా పద్ధతి పోలేదు. ఈమె ఎడమవైపు చేరి ఇరవై ఏళ్ల పైమాటే. ఎడమక్క అన్న పేరు అక్కడ పుట్టి, ఆమెతోపాటే ఇంటికి కూడా వచ్చేసింది.

ఎదుటి స్టూలు కుడివదినది. అది ఖాళీగా ఉండి రెండు నెలలు దాటింది.

కుడివదిన వయసులో పెద్దది, మాటలో పొదుపు, పనిలో చాదస్తం. ఎవరి కుట్టులోనైనా ముడత కనిపిస్తే ఆమె చేయి ఊరుకోదు, విప్పేస్తుంది. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ కష్టసుఖాలు చెప్పుకున్నది తక్కువే. ఒకరికి దారం అయిపోతే రెండోవాళ్లు ఉండను దొర్లించేవారు. మేస్త్రి కేకలేస్తే ఇద్దరూ ఒకేసారి తల దించుకుని, ఒకేసారి ఎత్తేవారు. పనిమధ్యలో కుడివదిన ఉండుండి ఎడమచేతిని బల్ల కిందికి పోనిచ్చి కాసేపు అలాగే ఉంచేది. మోకాళ్ల నొప్పి కాబోలని ఎడమక్క ఒకసారి నూనె సీసా తెచ్చిచ్చింది. వదిన నవ్వి తీసుకుంది గానీ, చేయి కిందికి పోవడం మాత్రం మానలేదు.

ప్రతి ఏడూ ఈ రోజున ఎడమక్క ఆమెకూ ఏదో ఒకటి కుట్టి తెచ్చేది. వదిన తీసుకుని, తిప్పి చూసి, కుట్లు తడిమి, “బానే ఉంది పిల్లా” అని ఒళ్లో పెట్టుకునేది. అవి ఆ తరవాత ఎక్కడా కనిపించలేదు. వదిన తన అక్క కూతురికి ఇచ్చేస్తుంది కాబోలు అనుకునేది ఎడమక్క. ఒక ఏడు మాత్రం వదిన ఓ మాట అంది. “అన్నీ చేస్తావు. నువ్వు కుట్టిన కుడిచెయ్యి మాత్రం ఈ జన్మలో చూడను” అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇప్పుడా మాట నవ్వులాట కాకుండా పోయింది. ఆసుపత్రివాళ్లు చేసేదేమీ లేదని వదినను ఇంటికి పంపేశారు. కంపెనీ మళ్లీ తెరిచేదాకా ఆమె ఉంటుందో ఉండదో ఎవరూ చెప్పడం లేదు, చెప్పకపోవడంతోనే అందరికీ అర్థమైంది. అందుకే ఈ ఏడు ఎడమక్క పర్సులూ పువ్వులూ పక్కన పెట్టి, వదిన కోసం మెత్తటి తోలుతో గ్లౌజుల జత కుట్టింది. ఎడమా తనే, కుడీ తనే. వదిన చేతులు చల్లబడి పోతున్నాయని అక్క కూతురు చెప్పింది. ఈ సాయంత్రం అవి ఆ చేతులకు తొడగాలి. తను కుట్టిన కుడిచేయి వదిన కళ్లారా చూడాలి. ఎడమక్కకు ఈ ఏడాది ఇంకో కోరిక లేదు.

పొద్దున్నే పొట్లం విప్పి జతల బాబాయికి చూపించింది. ఎడమవీ కుడివీ కలిపి దారంతో కట్టి పెట్టెల్లో సర్దడం ఆయన పని. చూపు మందగించినా వేళ్లు మందగించలేదు. రెండు గ్లౌజులనూ అరచేతుల్లో పెట్టుకుని కళ్లు మూసుకుని తడిమాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. తరవాత ఆమె ముఖం కేసి చూడకుండా చెప్పాడు.

“అమ్మా, రెండూ ఎడమవే.”

ఎడమక్క వాటిని లాక్కుని బల్ల మీద పక్కపక్కన పరిచింది. రెండు బొటనవేళ్లూ ఒకే దిక్కుకు చూస్తున్నాయి. వారం రోజులుగా కుడుతూ ఆ సంగతి తనకే తెలియలేదు. ఎవరి కోసం కుట్టినదాన్ని వాళ్లే మొదట తొడుక్కోవాలని, లేకపోతే తోలు వేరే చేతికి అలవాటు పడిపోతుందని అక్కడివాళ్ల నమ్మకం. అందుకని ఒక్కసారైనా తొడిగి చూసుకోలేదు.

ఎలా జరిగిందో ఆలోచిస్తే అర్థమైంది. బల్ల పక్కన కిటికీ ఉంది. ఆమె గ్లౌజును వెల్లకిలా పెట్టి కుట్టేటప్పుడు బొటనవేలు కిటికీ వైపు ఉంటుంది. ఎదురుగా కూర్చున్న వదిన కుట్టేటప్పుడూ ఆ బొటనవేలు కిటికీ వైపే ఉండేది. ఇన్నేళ్లుగా ఆమె చూసిన కుడిచేయి అదే. తను కుట్టడానికి కూర్చున్నప్పుడు చేతులు దాన్నే గుర్తు చేసుకున్నాయి. కానీ వదిన కూర్చున్నది అటువైపు, తను కూర్చున్నది ఇటువైపు. మనిషి ఇటు తిరిగితే చేయీ ఇటే తిరుగుతుందని చేతులకెవరు చెబుతారు?

జతల బాబాయి తన పెట్టెల వెనక దాచుకున్న మెత్తటి తోలు ముక్కొకటి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

*

చివరి రోజు కాబట్టి భోజనాల తరవాత మెషిన్లు ఆపేశారు. అందరూ ముందు వాకిట్లో చేరారు. మేస్త్రి కేకు కోస్తున్నాడు. ఆడవాళ్లు ఒకళ్లకొకళ్లు తెచ్చిన కానుకలు విప్పి చూసుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. ఎడమక్కను కూడా పిలిచారు. వస్తానని చెప్పి చివరి గదిలోనే ఉండిపోయింది. కాసేపటికి ఆమె రాలేదన్న సంగతి అందరూ మరిచిపోయారు. అది వాళ్ల తప్పు కాదు. వచ్చినా రాకపోయినా పెద్ద తేడా కనిపించకుండా బతకడం ఆమే అలవాటు చేసుకుంది.

కొత్త ముక్క కత్తిరించి, వేళ్లు కుట్టేసింది. బొటనవేలు దగ్గరికి వచ్చేసరికి చేయి మళ్లీ మొరాయించింది. కిటికీ వైపు కాదు, ఇటు, ఇటు అని పైకే చెప్పుకున్నా, తోలు కోసే కత్తెర కిటికీ వైపే పోతోంది. ఇంకొక్క తప్పు జరిగితే ఇక ముక్క లేదు. కత్తెర కింద పెట్టి, ఖాళీ స్టూలు కేసి చాలాసేపు చూసింది. ఈ రెండు నెలల్లో ఎవరూ అందులో కూర్చోలేదు. కూర్చోమని మేస్త్రి ఒకరిద్దరికి చెప్పినా ఏదో వంక చెప్పి తప్పించుకున్నారు.

ఎడమక్క లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, కుడివదిన స్టూలు మీద కూర్చుంది.

గది తిరగబడినట్టనిపించింది. ఇన్నేళ్లు వీపు వెనకున్న గోడ ఇప్పుడు ఎదురుగా ఉంది, దాని మీద తేమ మరక ఉందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. తన స్టూలు ఖాళీగా కనిపించింది. పాతబడి, ఒక కాలు కొంచెం వంకరపోయి, ఎవరూ లేకుండా. దాన్ని అలా చూడటం ఎందుకో భరించలేకపోయింది. తల దించుకుని స్టూలు ముందుకు జరుపుకుంది. మోకాలికి మెత్తగా ఏదో తగిలి ఊగింది.

వంగి చూసింది. బల్ల లోపలి చెక్కకు వరసగా చిన్న మేకులు కొట్టి ఉన్నాయి. మొదటి మేకుకు తాళాల సంచి వేలాడుతోంది. తను వదినకు కుట్టిచ్చిన మొట్టమొదటి కానుక అది. దాని పక్కన సూదుల పెట్టె, కళ్లజోడు సంచి, తోలు పిట్ట. పిట్టకు ఒక రెక్క పెద్దదైందని ఆ ఏడు ఎంత సిగ్గుపడిందో. అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. అన్నీ నునుపు తేలి మెరుస్తున్నాయి. చేయి పడీ పడీ తోలుకు వచ్చే మెరుపు అది. కొని పూసుకుంటే రాదు. వరసలో చివరి మేకు ఒకటి ఖాళీగా ఉంది. ఈ ఏటిదాని కోసం ముందే కొట్టి పెట్టుకుంది కాబోలు.

ఎడమక్క ఎడమచేతిని బల్ల కిందికి పోనిచ్చి, ఒక్కొక్కదాన్నే తడిమింది. వదిన మోకాళ్లలో ఏ నొప్పీ లేదు. గదిలో ఎవరూ లేరు కాబట్టి కాసేపు ఏడ్చింది. అది దుఃఖమని ఖాయంగా చెప్పలేం. తన చేతిలోంచి వెళ్లినవి ఒక్కచోటైనా నిలిచాయని తెలిసిన మనిషి ఏడుపు అది. తరవాత ముఖం తుడుచుకుని, గ్లౌజు వెల్లకిలా పెట్టి, బొటనవేలును కిటికీ వైపు తిప్పి, కత్తెర తీసుకుంది.

ఆ చోటు నుంచి అది కుడిచేయే అయింది. బయట నవ్వులు, కుర్చీలు లాగిన చప్పుడు, ఎవరిదో పాట. సూది దిగింది, దారం వచ్చింది. వెలుతురు పలచబడుతుండగా తొందరపడి చివరి కుట్లు వేసింది.

*

కుడివదిన ఉండేది సైకిళ్లు బాగుచేసే కొట్టు మీది గదిలో, అక్క కూతురితో. మెట్లెక్కేసరికి ఎడమక్కకు ఆయాసం వచ్చింది. అక్క కూతురు తలుపు తీసి, ఇప్పుడే లేచింది, ఎక్కువసేపు మాట్లాడించొద్దని మెల్లగా చెప్పింది. గదిలో మందుల వాసన. మంచం మీద మనిషి సగానికి సగం అయింది. కళ్లు మాత్రం ముడతలు వెతికే పాత కళ్లే.

ఎడమక్క పొట్లం చేతికిచ్చింది. వదిన కాగితం విప్పడానికి చాలాసేపు పట్టింది. సాయం చేయబోతే మోచేత్తో తోసేసింది. ఎడమది తొడుక్కుని పిడికిలి బిగించి, తెరిచి, తలాడించింది. కుడిది తొడుక్కుంది. వదిన ఆ చేతిని దీపం కేసి తిప్పి, రెండో చేతి వేలితో బొటనవేలి చుట్టూ నెమ్మదిగా రాసింది.

“కుడిచెయ్యే” అంది. గొంతులో ఆశ్చర్యం దాచుకోలేదు. వేలు ఒకచోట ఆపి, “ఇక్కడ ముడత పడింది” అంది.

“తొందరలో కుట్టాను వదినా.”

“ఇక్కడే ఉండనీ. విప్పి కుడతాలే.”

ఆ మనిషి అలా అనకపోతే ఎడమక్కకు భయం వేసేది. నవ్వు వచ్చింది, మంచం పక్కన కూర్చుంది. మేకుల సంగతి ఎలా ఎత్తాలో తెలియలేదు. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ మెట్ల మీదే ఆగిపోయాయి. చివరికి మోకాళ్ల నొప్పి తగ్గిందా అని అడిగింది.

వదిన ఆమెను పరీక్షగా చూసింది. పెదవి చివర కదిలింది. “నా చోట్లో కూర్చున్నావా?”

“అక్కడ కూర్చుంటే గానీ కుడిచెయ్యి రాలేదు.” తరవాత ఆమె అనుకోకుండానే లోపలి మాట బయటికి వచ్చేసింది. “అక్కణ్ణుంచి చూస్తే నా స్టూలు ఖాళీగా ఉంది వదినా. చూడలేకపోయాను.”

“నాకెప్పుడూ ఖాళీగా కనబళ్లేదు పిల్లా” అంది కుడివదిన.

కింద కొట్టులో ఎవరో చక్రం తిప్పి వదిలేస్తే అది చాలాసేపు తిరిగి ఆగింది. వదిన కుడి గ్లౌజు తీసి దిండు పక్కన పెట్టుకుంది. ఎడమది తీయలేదు. దానితోనే ఎడమక్క చేయి పట్టుకుని, అలాగే నిద్రపోయింది. చేయి వదిలించుకుంటే లేస్తుందేమోనని, అక్క కూతురు వచ్చి పిలిచేదాకా ఎడమక్క కదలకుండా కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి ప్లంబరు వచ్చి ఉన్నాడు. హాలంతా నీళ్లు. తమ్ముడి భార్య తన కొత్త పర్సును ఎక్కడ పెట్టిందో కనబడక, నీళ్లలో కొట్టుకుపోయిందని ఇల్లు పీకి పందిరేస్తోంది. ఎడమక్క కొంగు బిగించి నీళ్లు ఎత్తిపోసింది. ఆ రోజు ఆమెకు ఆ గోల పరాయిగా అనిపించలేదు.

కుడివదిన సెలవుల మధ్యలో ఒక మధ్యాహ్నం పోయింది. నిద్రలోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా.

కంపెనీ తెరిచిన రోజు అక్క కూతురు గేటు దగ్గరికి వచ్చింది. ఎడమ గ్లౌజు చేతికే ఉండిపోయిందని, తీయడానికి మనసొప్పక అలాగే పంపేశామని చెప్పింది. కుడిది ఎడమక్కకే చేరాలనిపించి తెచ్చిందట. చివరి రోజుల్లో కాస్త ఓపిక వచ్చినప్పుడల్లా దిండుకు ఆనుకుని అదే పనిగా కూర్చునేదని, వద్దంటే వినేది కాదని అంది. సంచి చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మేస్త్రి ఆ రోజే బల్లల మనుషులను మారుస్తున్నాడు. ఎడమక్క ఎన్నడూ ఏదీ అడగని మనిషి. తనను కుడివైపు కూర్చోనివ్వమంది. ఇంత వయసులో చేయి తిప్పుకోవడం కష్టమన్నాడు. నేర్చుకుంటానంది. ఆయన ఆమెను వింతగా చూసి, సరే నీ ఇష్టమని వెళ్లిపోయాడు. ఎదుటి స్టూలు మీదికి ఇంకా ఎవరూ రాలేదు. కిటికీ లోంచి పొద్దుటి ఎండ బల్ల సగం దాకా వచ్చి ఆగింది.

స్టూలు ముందుకు జరుపుకుని ఎడమక్క సంచి విప్పింది. తరవాత వంగి, బల్ల కింద ఖాళీగా ఉన్న మేకుకు దాన్ని తగిలించింది. కుడిచేతి గ్లౌజు. బొటనవేలి ముడత దగ్గర తన కుట్లన్నీ విప్పేసి ఉన్నాయి. వాటి స్థానంలో సన్నటి కొత్త కుట్లు సగం దాకా వచ్చి ఆగాయి. ఆగినచోట తోలులో గుచ్చినట్టే ఉన్న సూది, దానికి ఇంకా మూరెడు దారం.